అలలకు కొలబద్ద

కరీంనగర్ పట్టణానికి ఆనుకొని ఉన్న దిగువ మానేరు జలాశయం ఒడ్డున సాయంకాలం వేళ నడిచినవారికి ఒక దృశ్యం పరిచితమే. ఎవరో ఒకరు గాలం వేసి కూర్చుంటారు. దారానికి కట్టిన బెండు నీటిమీద తేలుతూ ఉంటుంది. గాలి లేనపుడు అది నిశ్చలంగా ఉంటుంది. గాలి వీచగానే చిన్న చిన్న అలలు పుట్టి, బెండు లేచి పడుతూ ఉంటుంది. చేప తగిలిందా, అల తాకిందా అన్నది అనుభవం కలవాడు ఆ బెండు కదలికను చూసే చెప్పగలడు. క్షణమైనా నిలకడలేని సముద్రాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఎంచుకొన్న ఉపాయం కూడ మూలంలో ఇదే. ఒక పెద్ద బెండును లంగరుతో బంధించి నీటిమీద తేలనిచ్చి, అది ఎంత ఎత్తుకు లేచింది, ఎంత కిందికి దిగింది, ఎటువైపు కదిలింది అని ఎడతెగకుండ గమనిస్తారు. ఆ తేలియాడే సాధనానికి బోయా అని పేరు.

ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల విద్యార్థులలో సముద్రాన్ని కళ్లారా చూడనివారు చాలమందే ఉంటారు. ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన లేచే అలల ఎత్తుతో మనకేమి పని అని వారికి తోచవచ్చు. సముద్రంపై వేటకు వెళ్లే వేలాది కుటుంబాలకు ఆ ఎత్తు జీవన్మరణ సమస్య. మనకు కూడ దానితో సంబంధం లేకపోలేదు. ఆ సంగతికి తరువాత వద్దాము.

గాలి నీటిని ఒరసుకొంటూ పోవడం వలన అల పుడుతుంది. దాని పరిమాణాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: గాలి ఎంత వేగంతో వీచింది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం అడ్డులేకుండ నీటిమీద పయనించింది. మానేరు జలాశయం మీద ఎంత పెనుగాలి వీచినా, అది కొద్ది కిలోమీటర్లు పోయేసరికి ఒడ్డు తగులుతుంది. అందుచేత అక్కడి అలలు సాధారణంగా మీటరు ఎత్తుకు లోపే ఉంటాయి. ఆ చిన్న అలల తాకిడికే మట్టికట్ట కోసుకుపోకుండ నీటివైపున రాళ్లు పేరుస్తారు. బంగాళాఖాతంలో గాలికి వందల కిలోమీటర్ల బయలు దొరుకుతుంది. అక్కడ తుపాను గాలి రెండు రోజులు ఒకే దిక్కునుండి వీచిందంటే లేచే అలలు మేడల ఎత్తున ఉంటాయి. పైగా అల ఎత్తు రెట్టింపు అయితే అది మోసుకువచ్చే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. ఒక మీటరు అలను తట్టుకొన్న నావ రెండు మీటర్ల అలను తట్టుకొంటుందన్న భరోసా అందుకే లేదు.

అల ముందుకు సాగుతుంది గాని, అందులోని నీరు దానితోపాటు ప్రయాణం చేయదు. గాలి వీచినపుడు వరిచేను అలలు అలలుగా ఊగుతుంది. ఆ ఊపు చేను ఈ చివరనుండి ఆ చివరకు పోతుంది. మొక్క మాత్రం తాను నాటుకొన్న చోటనే ఉంటుంది. సముద్రంలోని నీటి బిందువు కూడ అంతే. అల శిఖరం వచ్చినపుడు పైకి లేచి కాస్త ముందుకు జరుగుతుంది. పల్లం వచ్చినపుడు కిందికి దిగి వెనుకకు వస్తుంది. మొత్తంమీద ఒక వలయంలో తిరిగి దాదాపు మొదటి చోటికే చేరుతుంది. ఆ బిందువుతోపాటు తేలే వస్తువు కూడ అదే వలయంలో తిరుగుతుంది. కాబట్టి ఆ వస్తువు కదలికను పట్టుకొంటే అలను పట్టుకొన్నట్లే. లోతుకు పోయేకొద్దీ ఈ వలయాలు చిన్నవవుతాయి. రెండు అలల శిఖరాల నడుమ దూరం ఎంత ఉంటుందో, అందులో సగం లోతుకు పోయేసరికి కదలిక దాదాపు లేకుండ పోతుంది. పైన ప్రళయం ఆడుతున్నపుడు కూడ లోతున సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది.

ఇక కొలవడం ఎట్లా? గోదావరి పొడవునా వంతెనల స్తంభాలమీద, రేవులలోని రాళ్లమీద అంకెలు వేసిన కొలబద్దలు ఉంటాయి. మంచిర్యాలలోనో, కాళేశ్వరంలోనో వరద వచ్చిందంటే నీరు ఏ అంకెను తాకిందో చూసి నదిమట్టం చెబుతారు. సముద్రం నడుమ కొలబద్దను పాతడానికి స్తంభం లేదు, గట్టు లేదు. పూర్వం నావికుడి కన్నే కొలబద్ద. ఓడ పైభాగంమీద నిలబడి అల ఇంత ఎత్తున ఉందని అంచనా వేసి పుస్తకంలో రాసేవారు. ఆ అంచనాలో అనుభవం ఉంటుంది. భయం కూడ ఉంటుంది. రాత్రివేళ, వర్షంలో, తుపానులో కన్ను పనిచేయదు. సమాచారం అత్యవసరమైనది సరిగ్గా ఆ వేళల్లోనే.

తెలుగునాట సముద్ర విజ్ఞానం విశాఖపట్నంలో వేళ్లూనుకొన్నది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంలో పరిశోధనలు సాగించాడు. వాల్తేరు తీరంలో ఇసుక ఏ ఋతువులో కోసుకుపోతుంది, ఏ ఋతువులో తిరిగి చేరుతుంది అన్న విషయాన్ని కూడ వారు పరిశీలించారు. ఇసుకను కదిలించేది అలలే. కనుక అలల కొలత అవసరమని ఆనాడే గుర్తింపు కలిగింది. కాని సముద్రంలోనే ఉండి రాత్రింబవళ్లు కొలిచే యంత్రం అప్పటికి మనకు లేదు.

1960లలో హాలండుకు చెందిన డేటావెల్ సంస్థ అటువంటి యంత్రాన్ని రూపొందించింది. దానికి పెట్టిన పేరు వేవ్‌రైడర్, అనగా అలపై స్వారి చేసేది. పేరుకు తగినట్లే అది పసుపుపచ్చ రంగు వేసిన ఒక గుండ్రని లోహపు బంతి. సాధారణంగా డెబ్బై లేదా తొంబై సెంటీమీటర్ల వ్యాసం ఉంటుంది. పైన ఒక యాంటెన్నా, రాత్రివేళ నావలకు కనబడడానికి వెలిగి ఆరే దీపం ఉంటాయి. దాని పొట్టలో ఉండే ముఖ్యమైన సాధనం త్వరణమాపకం. వేగంలో వచ్చే మార్పును త్వరణం అంటాము. బస్సు హఠాత్తుగా బయలుదేరినపుడు మనం వెనుకకు తూలుతాము. ఆగినపుడు ముందుకు తూలుతాము. కళ్లు మూసుకొన్నా బస్సు కదలిక మనకు తెలుస్తుంది. బోయా కూడ అదే విధంగా, చుట్టూ ఏ ఆధారం లేని సముద్రంలో, తన తూలుపాటును బట్టి తన కదలికను గ్రహిస్తుంది. త్వరణాన్ని ఒకసారి గణితం చేస్తే వేగం వస్తుంది. మరొకసారి చేస్తే ఎంత ఎత్తు లేచిందీ తెలుస్తుంది. ఇంటర్మీడియట్ గణితంలో సమాకలనం నేర్చుకొనే విద్యార్థులకు ఇది కొత్త విద్య కాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అల వాలుమీద బోయా ఒరిగిపోతుంది. అది ఒరిగినపుడు లోపలి సాధనం కూడ ఒరిగితే, నిలువు కదలికకు, అడ్డ కదలికకు తేడా తెలియక లెక్క తప్పుతుంది. అందుకని సాధనాన్ని ద్రవంలో వేలాడే ఒక పీఠంమీద అమర్చారు. బంతి ఎంత దొర్లినా ఆ పీఠం దాదాపు సమతలంగానే నిలుస్తుంది. నడుస్తున్న మనిషి చేతిలోని చెంబు ఊగినా అందులోని నీటిమట్టం సమంగా ఉండటానికి ప్రయత్నించినట్లన్నమాట. దిక్సూచిని కూడ చేర్చిన బోయాలు అల ఏ దిక్కునుండి వస్తున్నదో చెబుతాయి. తరువాతి కాలంలో ఉపగ్రహాల సంకేతాల ఆధారంగా కదలికను లెక్కించే బోయాలు కూడ వచ్చాయి.

లంగరు సంగతి కూడ తక్కువది కాదు. నాకు మొత్తం యంత్రంలో దీనిలోనే ఎక్కువ తెలివి కనిపిస్తుంది. గట్టి ఇనుపగొలుసుతో బిగించి కట్టితే బోయా అలపై స్వేచ్ఛగా లేవలేదు. అల దానిని ముంచి దాటిపోతుంది. కట్టకుండ వదిలితే ప్రవాహంలో కొట్టుకుపోతుంది. ఈ రెండింటికీ నడుమ మార్గంగా సముద్రపు అడుగున బరువైన లంగరు దించి, దానినుండి తాడు తెచ్చి, బోయాకు దగ్గరగా పొడవైన రబ్బరు మోకును కలుపుతారు. రబ్బరు సాగుతుంది, ముడుచుకొంటుంది. పశువును మేతకు కట్టేటపుడు పలుపు పొడవుగా వదిలినట్లు, బోయాకు తన చోటు విడిచిపోకుండానే కదిలే స్వేచ్ఛ లభిస్తుంది.

బోయా సెకనుకు ఒకటికి పైగా కొలతలు తీస్తుంది. వాటిని సాధారణంగా అరగంటకొకసారి క్రోడీకరించి రేడియో ద్వారానో, ఉపగ్రహం ద్వారానో పంపుతుంది. మన దేశపు తీరంలో ఇటువంటి అలల బోయాల వలయాన్ని నిర్వహిస్తున్నది భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. ఇన్‌కాయిస్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ సంస్థ 1999లో ఏర్పడింది. అది ఉన్నది ఏ రేవుపట్టణంలోనో కాదు, హైదరాబాదులో. కరీంనగర్ నుండి నూట అరవై కిలోమీటర్ల దూరంలో, చుట్టూ రాళ్లగుట్టలున్న దక్కను పీఠభూమిమీద కూర్చొని, విశాఖ తీరంలో ఈ అరగంటలో అలలు ఎంత లేచాయో వారు చూస్తున్నారు.

వారికి అందే అంకెలలో ముఖ్యమైనదానికి సార్థక తరంగ ఎత్తు అని పేరు పెట్టవచ్చు. దీనిని వివరంగా తెలుసుకోవలసిన అవసరం ఉంది. ఎందుకంటే దీనిని అపార్థం చేసుకొంటే ప్రాణాలకే ముప్పు. సముద్రంలో ఏ రెండు అలలూ సమానంగా ఉండవు. అరగంటలో సుమారు రెండువందల అలలు బోయా కిందుగా పోయాయనుకొందాము. వాటిని ఎత్తును బట్టి వరుసలో పెట్టి, అన్నింటికంటె పెద్దవైన మూడోవంతు అలలను తీసుకొని, వాటి సగటును గణిస్తారు. అదే ఈ అంకె. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, సైనికులను నావలనుండి తీరంలో దించడానికి అనువైన సమయాన్ని ముందుగా చెప్పవలసి వచ్చినపుడు, హెరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని అనుసరించారు. అనుభవజ్ఞుడైన నావికుడు చూపుతో చెప్పే ఎత్తు మొత్తం అలల సగటుకు కాక, ఈ పెద్ద మూడోవంతు సగటుకు దగ్గరగా ఉంటుందని వారు గమనించారు. మనిషి కన్ను చిన్న అలలను లెక్కచేయదు కదా!

అయితే ఇది సగటు మాత్రమే. రేడియోలో అలల ఎత్తు మూడు మీటర్లు అని విన్న వ్యక్తి, మూడు మీటర్లకు మించిన అల రాదని అనుకొంటే పొరపడినట్లే. గణితశాస్త్రం ప్రకారం, సుమారు మూడువేల అలలలో ఒకటి ఈ అంకెకు రెట్టింపు ఎత్తున లేస్తుంది. ఎనిమిది సెకన్లకొక అల చొప్పున వస్తూ ఉంటే, రోజుకు పదివేలకు పైగా అలలు వస్తాయి. అనగా మూడు మీటర్ల హెచ్చరిక ఉన్న రోజున ఆరు మీటర్ల అల మూడు నాలుగు సార్లు ఎదురు కావచ్చు. నావను బోల్తా కొట్టించడానికి అటువంటిది ఒక్కటి చాలు. అల దానికంటె కొంచెం ఎక్కువ లోతున్న నీటిలోకి, అంటే ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లున్న లోతులోకి రాగానే, విరిగి పడుతుంది. నది ముఖద్వారాల వద్ద ఇసుక మేటలమీదుగా నావను దాటించే సరంగుకు ఆ విరిగే అలలే పెద్ద గండం.

సముద్రంమీద ఉన్నవారికి వార్త అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1996 నవంబరు 6వ తేదీ చాలు. ఆనాడు కాకినాడకు దక్షిణంగా కోనసీమను తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. సముద్రంలో వేటలో ఉన్న వందలాది మత్స్యకారులు తిరిగి రాలేదు. ఆ తుపాను విస్తారంలో చిన్నది, బలపడడంలో వేగమైనది. దాదాపు అదే కాలంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ లంగరు వేసిన పెద్ద బోయాలను నిలిపే కార్యక్రమాన్ని చేపట్టింది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపురం వద్ద తీరం దాటింది. అక్కడి తీరజలాలలో ఉన్న బోయా ఆ రాత్రి కూడ తన పని మానలేదు. సార్థక తరంగ ఎత్తు ఏడు మీటర్లు దాటినట్లు అది నమోదు చేసింది. ఏ నావికుడూ, ఏ ఓడా ఆ చోట ఉండి చూడలేని దృశ్యమది. ఒడిశా, ఆంధ్ర తీరాలనుండి దాదాపు పది లక్షలమందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించడం వలన అంత పెద్ద తుపానులోనూ ప్రాణనష్టం స్వల్పంగా ముగిసింది. ఈ ఘనతనంతా బోయాకు కట్టబెట్టడం న్యాయం కాదు. ఉపగ్రహాలు, రాడార్లు, రాత్రంతా ఊరూరా తిరిగిన సిబ్బంది, అందరూ అందులో భాగస్వాములే. సరిగ్గా సంవత్సరానికి, 2014లో అదే అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్నే తాకింది.

తుపాను ఉన్నపుడే ప్రమాదమనుకోవడం కూడ సరికాదు. దక్షిణాన అంటార్కిటికాకు సమీపంలోని సముద్రంలో పుట్టిన అలలు కొన్ని దినాల తరువాత మన తీరానికి చేరతాయి. రెండు శిఖరాల నడుమ పదహారు సెకన్ల వ్యవధి గల అల పొడవు నాలుగువందల మీటర్లు ఉంటుంది. అటువంటి అలల గుంపు రోజుకు వేయి కిలోమీటర్లకు పైగా పయనించి, సుమారు వారంలో ఇక్కడికి వస్తుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, గాలి ఉండదు, సముద్రం మాత్రం ఇండ్లలోకి వస్తుంది. కేరళ జాలరులు దీనిని కళ్లక్కడల్ అంటారు. దొంగవలె వచ్చే సముద్రమని అర్థం. శాస్త్రజ్ఞులు కూడ ఆ పల్లెమాటనే స్వీకరించారు. అల ఎత్తు ఒక్కటే కాక, వ్యవధిని, దిక్కును కూడ బోయా చెప్పడం వలన, ఇది ఇక్కడి గాలికి పుట్టిన అలా, దూరదేశపు అతిథియా అని తెలుసుకోగలుగుతున్నారు. కాకినాడ సమీపంలోని ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఇండ్లను, రోడ్డును కోసివేస్తున్నది. విశాఖలో రేవు అడ్డుగోడల వలన ఆగిపోయే ఇసుకను తవ్వి తీసి తీరానికి చేర్చవలసి వస్తున్నది. ఇట్టి చోట్ల ఏ గోడ కట్టాలి, ఎంత ఇసుక వేయాలి అన్న నిర్ణయాలకు కొన్ని సంవత్సరాల అలల లెక్క కావాలి. ఒక్క రోజు చూసి వేసిన అంచనా పనికిరాదు.

గాలి అంచనాలను కంప్యూటరుకు ఇచ్చి రాబోయే దినాల అలలను గణించే పద్ధతి ఉన్నపుడు, బోయా ఎందుకని ప్రశ్నించవచ్చు. గణన ఎంత గొప్పదైనా అది గణనే. నిన్న అది చెప్పిన ఎత్తుకు, నిన్న బోయా కొలిచిన ఎత్తుకు తేడా ఎంత ఉందో చూసుకొనే రేపటి మాటమీద నమ్మకం ఉంచాలి. పరీక్ష రాసిన విద్యార్థి తన జవాబులను తానే దిద్దుకొంటే ఎట్లా ఉంటుందో, బోయా లేని గణన అట్లా ఉంటుంది. అయితే ఈ బోయాకు తెలియనివి కూడ ఉన్నాయి. నడిసముద్రంలో సునామీ అల చాల తక్కువ ఎత్తుతో, పదుల నిమిషాల వ్యవధితో సాగిపోతుంది. త్వరణమాపకం దానిని పసికట్టలేదు. దానికోసం సముద్రపు అడుగున నీటి పీడనాన్ని కొలిచే వేరే సాధనాలు ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి విపత్తు తరువాత, 2007లో హైదరాబాదులోని ఈ కేంద్రంలోనే సునామీ హెచ్చరిక వ్యవస్థను నెలకొల్పారు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాము. నడిసముద్రంలో వేల మీటర్ల లోతున లంగరు వేసిన పెద్ద బోయాలు అలలతోపాటు గాలిని, వాతావరణ పీడనాన్ని, నీటి ఉష్ణోగ్రతను కూడ కొలుస్తాయి. జూలై, ఆగస్టు నెలలలో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు వాయవ్యంగా కదలి గోదావరి, ప్రాణహిత పరీవాహక ప్రాంతాలకు వానలు తెస్తాయి. 2022 జూలైలో ఒడిశా తీరాన ఒక అల్పపీడనం నిలిచి ఉన్న రోజులలో, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కడెం జలాశయానికి గేట్లు వదలగలిగినదానికంటె ఎక్కువ వరద వచ్చి, నీరు గేట్ల మీదుగా పొర్లింది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. 1958లో ఆ ఆనకట్ట తెగిన సంగతి విన్న పెద్దలు ఆ రాత్రి ఎంత కలవరపడి ఉంటారో ఊహించవచ్చు. కడెం వాగులో పొంగిన నీరు అంతకుముందు ఆవిరియై సముద్రంమీద తేలినదే. అక్కడ పీడనం తగ్గుతున్నదని చెప్పే సాధనాలలో బోయా ఒకటి.

ఇంతటి పనిచేసే యంత్రానికి కావలి లేదు. ఉప్పునీరు లోహాన్ని తింటుంది. నత్తలు, నాచు పట్టి బోయా బరువెక్కి కదలిక మారిపోతుంది. అందుకని కొంతకాలానికొకసారి ఓడమీద వెళ్లి శుభ్రం చేసి, బ్యాటరీలు మార్చి రావాలి. వీటికంటె విచారకరమైనది మనుషులవలన కలిగే నష్టం. తేలే వస్తువు నీడన చేపలు గుమిగూడతాయి. కాబట్టి చేపల పడవలు బోయా చెంతకు వస్తాయి. కొందరు తమ పడవను దానికే కట్టివేస్తారు. వల చిక్కుకొంటే తాడును కోస్తారు. పెద్ద బోయాల మీది సౌరఫలకాలను ఊడదీసుకుపోయినవారూ ఉన్నారు. వీరిని దూషించడం సులభం. కాని వల పోతే ఆ కుటుంబానికి అప్పే మిగులుతుంది. ఆ పసుపుపచ్చ బంతి ఏమిటో, ఎవరికోసమో చెప్పినవారు లేనపుడు అది వారి కంటికి అడ్డు మాత్రమే. ఈ సంగతి గ్రహించిన శాస్త్రజ్ఞులు రేవులలో మత్స్యకారుల సమావేశాలు జరిపి, బోయాల బొమ్మలు చూపి, స్థానిక భాషలలో వివరించడం మొదలుపెట్టారు. యంత్రానికి మరింత గట్టి పెట్టె చేయించడంకంటె ఈ పని మేలైనదని నా అభిప్రాయం.

తాడు తెగిన బోయా గాలివాటుకు కొట్టుకుపోతుంది. అది లంగరు విడిచి కదులుతున్నదని ఉపగ్రహం ద్వారా కేంద్రానికి తెలుస్తుంది. కొన్నింటిని వెదకి పట్టుకొంటారు, కొన్ని దొరకవు. అరగంటకొక చుక్క చొప్పున సాగుతున్న అలల గీత ఆ చోట తెగిపోతుంది. ఆ రోజులలో అక్కడ సముద్రం ఎట్లా ఉందో తరువాత ఎవరూ రాసి పూరించలేరు. వాతావరణం అనుకూలించి, ఓడ దొరికి, సిబ్బంది వెళ్లి మరొక బోయాకు లంగరు వేసిన తరువాతనే ఆ గీత తిరిగి మొదలవుతుంది.